ఏటిగట్టు నుంచి పోర్తోకి మూడు రోజులు

ప్రశ్న: మాది నరసాపురం పక్క పల్లె. ముప్పై ఏళ్ళుగా లేసు అల్లుతున్నాను. మా వారు చేపల వ్యాపారం చేసి ఈమధ్యే మానేశారు. అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. మార్చిలో నెల రోజులు ఉండేట్టు రమ్మంటున్నాడు. మధ్యలో మూడు రాత్రులు పోర్చుగల్‌లోని పోర్తో అనే పాత ఊరు చూపిస్తాడట. పార్ట్‌టైం చేసి దాచుకున్న డబ్బు మా కోసం ఖర్చు పెడతాడేమోనని నా టెన్షన్. విమానం టిక్కెట్లు కాకుండా ముగ్గురికీ అరవై వేల రూపాయల్లో అవుతుందా? మా వారికి మోకాళ్ళ నొప్పులు. వెళ్ళమంటారా, జర్మనీలోనే ఉండిపొమ్మంటారా?
— ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: వెళ్ళి రండమ్మా. నేను పోర్తోకి రెండుసార్లు వెళ్ళాను. మా అమ్మాయి అక్కడ చదువుకునేటప్పుడు 2018లో ఒకసారి, 2024లో ఇంకోసారి. పాలకొల్లులో కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని, నీళ్ళు కనబడని ఊళ్ళో నాకు రెండు రోజులు గడవవు. యూరప్‌లో నేను చూసిన ఊళ్ళలో మన గోదావరి వాళ్ళకి నచ్చుతుందని ధైర్యంగా చెప్పగలిగేది పోర్తో ఒక్కటే.

ముందు వీసా సంగతి. పోర్చుగల్‌కి విడిగా వీసా అక్కర్లేదు. జర్మనీ ఇచ్చే షెంగెన్ వీసాతోనే వెళ్ళవచ్చు, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి పనిచేసే వీసా అది. ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలో కాబట్టి దరఖాస్తు జర్మనీకే పెట్టాలి. ఫీజు మనిషికి 90 యూరోలు. మెడికల్ ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేట్టు తీసుకోండి. దరఖాస్తులో రాసే ప్రయాణ వివరాల్లో పోర్తో మూడు రాత్రులు కూడా చూపించమని అబ్బాయికి చెప్పండి. దాచాల్సిన పనేమీ లేదు.

డబ్బు దగ్గరికి వద్దాం. యూరోని వంద రూపాయలుగా వేసుకుంటే మీ దగ్గర ఆరు వందల యూరోలున్నట్టు. ముగ్గురు పడుకునే గది మార్చిలో రాత్రికి 80, 90 యూరోల్లో వెతికితే దొరుకుతుంది. దానిమీద ఊరి పన్ను మనిషికి రాత్రికి 3 యూరోలు, అంటే మీకు మొత్తం 27. ఈ పన్ను చాలాచోట్ల బుకింగ్ ధరలో కలిసి ఉండదు, చేరాక విడిగా అడుగుతారు. తిండికి మనిషికి రోజుకి పాతిక వేసుకోండి. తిరగడానికీ టిక్కెట్లకీ ముగ్గురికీ కలిపి ఓ డెబ్భై. అరవై వేలల్లో అవుతుంది. మీ లెక్క పాడుచేసే రోజులు మాత్రం కొన్నున్నాయి. ఈస్టర్ మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో వస్తుంది. ఆ వారం గదుల ధరలు పెరిగిపోతాయి, దాన్ని తప్పించండి.

మీరు పిసినారితనం చూపించకూడని ఖర్చు ఒకటే, గది. 2018లో మేం ధర ఒక్కటే చూసి బుక్ చేశాం. తీరా వెళ్తే నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, మనిషి పక్కకి తిరిగి ఎక్కాల్సినంత ఇరుకు చెక్కమెట్లు. బుక్ చేసేటప్పుడు ఆ ముక్క ఎక్కడా రాయలేదు. మా వారు మూడో రోజుకి కిందికి దిగనన్నారు. పోర్తోలో పాత ఇళ్ళన్నీ ఇంచుమించు అలాగే ఉంటాయి. అందుకని అబ్బాయి చేత లిఫ్టు ఉందా అని రాతపూర్వకంగా అడిగించి, ఉందన్న జవాబు వచ్చాకే డబ్బు కట్టించండి. త్రిందాద్, బొల్యావ్ అనే మెట్రో స్టేషన్ల దగ్గర చూడండి. ఏటి ఒడ్డున రిబైర పేట చాలా బాగుంటుంది కానీ అక్కడ రాళ్ళు పరిచిన ఏటవాలు సందుల్లో పెట్టెలు లాగడం మీ వల్ల కాదు.

మోకాళ్ళ గురించి ఇంకో మాట. మన డెల్టాలో ఎత్తంటే ఏటిగట్టే. పోర్తో అలా కాదు, నది అడుగున, ఊరు కొండమీద. కాబట్టి రోజూ పైన మొదలుపెట్టి కిందికి నడవండి, పైకి మాత్రం బస్సులోనో మెట్రోలోనో రండి. రిబైర నుంచి పై ఊరికి పట్టాల మీద ఎక్కే చిన్న బండి కూడా ఉంది, గిందాయిష్ ఫునిక్యులర్ అంటారు. మనిషికి కొన్ని యూరోలు పెట్టాల్సి వచ్చినా మీ వారి కోసం ఒకసారి పెట్టండి.

విమానాశ్రయం నుంచి టాక్సీ వద్దు. మెట్రోలో అరగంటలో త్రిందాద్‌కి వస్తారు, టిక్కెట్టు రెండు మూడు యూరోల్లో ఉంటుంది. అందాంతె అనే కార్డు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కొనాలి, ఒకే కార్డు ముగ్గురూ వాడడానికి లేదు. స్టేషన్లలో గేట్లు కనబడవు కదా అని ఎక్కేయకండి. ప్లాట్‌ఫాం మీద ఉన్న మిషన్‌కి కార్డు ఆనించాలి, బండి మారినప్పుడల్లా మళ్ళీ ఆనించాలి. మరిచిపోతే జరిమానా తప్పదు.

ఇక ఊరు. మొదటి సాయంత్రం సావ్ బెంతు రైల్వే స్టేషన్‌కి వెళ్ళండి. 1916లో తెరిచిన స్టేషన్ అది. లోపలి హాలు గోడలన్నీ నీలం తెలుపు పింగాణీ పలకలే, ఇంచుమించు ఇరవై వేలు. జోర్జి కొలాసు అనే చిత్రకారుడు యుద్ధాలూ రాజులతో పాటు జాతరలూ పొలం పనులూ కూడా వాటిమీద బొమ్మలు కట్టాడు. టిక్కెట్టు లేదు. మా వారు అక్కడొక మూల నిలబడి, కోత కోసే ఆడవాళ్ళ బొమ్మ ముందు పావుగంట కదల్లేదు. ఇలాంటి పలకలే శాంత కతరీన వీధిలో ఆత్మల చాపెల్‌కి, కార్ము చర్చి పక్క గోడకి బయటివైపు ఉంటాయి. రోడ్డు మీద నిలబడి చూడవచ్చు.

స్టేషన్ నుంచి కొంచెం పైకి నడిస్తే కెథడ్రల్, దాని ముందు విశాలమైన అరుగు. అక్కడ నుంచి ఊరి కప్పులన్నీ ఎర్రగా కనిపిస్తాయి. అరుగు మీద నిలబడడానికి డబ్బేం లేదు. చీకటి పడకముందే పక్కనే ఉన్న దోం లుయీష్ వంతెన పై అంతస్తు మీదికి వచ్చేయండి. రెండంతస్తుల ఇనుప వంతెన అది. 1886లో తెరిచారు, కట్టిన ఇంజనీరు థియోఫిల్ సేరిగ్ అంతకుముందు ఈఫిల్‌తో భాగస్వామిగా పనిచేసినవాడు. 1900లో రైళ్ళు మొదలైన మన హేవలాక్ వంతెన కంటే పద్నాలుగేళ్ళు పెద్దది. పోర్తో వంతెన పై అంతస్తు మీద ఇప్పుడు మెట్రో తిరుగుతుంది, దాని పక్కనే మనుషులు నడుస్తారు. అవతలి గట్టున గాయా అనే ఊరు. వంతెన దిగగానే మొర్రు తోటలో గడ్డి మీద కూచోండి. సూర్యుడు సముద్రం వైపు దిగుతుంటే ఊరంతా ఒక రంగులోకి వస్తుంది. ఆ పూట ఇంకేం పెట్టుకోకండి.

ఆ నది పేరు దోరు. స్పెయిన్‌లో పుట్టి 897 కిలోమీటర్లు నడిచి పోర్తో దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎగువన కొండల్లో ద్రాక్ష పండించి, ద్రాక్షసారా పీపాల్ని రబేలు అనే చదును అడుగు పడవల్లో గాయా గిడ్డంగులకి తెచ్చేవారు. మన కాలవల మీద ధాన్యం, కొబ్బరికాయలు పడవల్లో వెళ్ళిన రోజులు మీ వారికి గుర్తుండే ఉంటాయి. ఎగువన ఆనకట్టలు వచ్చాక ఆ పడవల పని ఆగిపోయింది. ఇప్పుడు గాయా రేవులో వరసగా కట్టేసి ఉంటాయి. రిబైర గోడల మీద పాత వరదల గుర్తులు చూపించమని అబ్బాయిని అడగండి. 1909 డిసెంబరు వరద అక్కడివాళ్ళకి, 1986 వరద మనకి ఎలాగో అలాగ.

రిబైరలోనే, వంతెన కింద అంతస్తుకి దగ్గర్లో, గోడకి ఒక కంచు పలక ఉంటుంది. 1809 మార్చి 29న ఫ్రెంచి సైన్యం ఊళ్ళోకి వస్తుంటే జనం పిల్లల్ని ఎత్తుకుని అవతలి గట్టుకి పరుగెత్తారు. అప్పుడున్నది పడవల్ని కట్టి వేసిన వంతెన. అది తెగింది. వేలమంది నీళ్ళలో పోయారు. ఇప్పటికీ ఆ పలక దగ్గర ఎవరో ఒకరు కొవ్వొత్తి వెలిగించి వెళ్తుంటారు. నేను వెళ్ళిన రెండుసార్లూ వెలుగుతూనే ఉన్నాయి. పడవ ప్రమాదాలు ఎరిగిన గట్టు మనుషులం కదా, నేను కూడా ఒకటి కొని వెలిగించాను. మీరూ మార్చిలోనే ఉంటారు.

పడవ షికారు ఎక్కమని రేవులో వెంటపడతారు. మనిషికి పదిహేను యూరోలు దాటుతుంది. నా మాట వినండి, దాని బదులు ఊరి మధ్య నుంచి 500 నంబరు బస్సు ఎక్కండి. నది పక్కనే సాగి, నది సముద్రంలో కలిసేచోటు దాకా తీసుకెళ్తుంది. ఆ పేటని ఫోజ్ అంటారు. ఫోజ్ అంటేనే నదీముఖం. మనకి అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు ఎలాగో వాళ్ళకి అది. కాకపోతే అక్కడి సముద్రం చాలా పొగరుగా ఉంటుంది. అలలు లేచే రోజున లైట్‌హౌస్ గట్టు మీదికి మాత్రం వెళ్ళకండి.

అదే బస్సు ఇంకా ముందుకి, మతొజిన్యుష్ అనే చేపల రేవుకి వెళ్తుంది. మీ వారికి ఇది పండగ. వీధిలోనే బొగ్గుల మీద చేపలు కాలుస్తుంటారు. అన్నిటికంటే ముఖ్యంగా ఆయన్ని సావెల్ అనే చేప గురించి అడగమనండి. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే చేప. చలికాలం చివర నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర పోర్చుగల్లో దాని సీజను. మన పులసకి దగ్గరి చుట్టం, ముళ్ళు కూడా అచ్చం అలాగే. సన్నగా ముక్కలు కోసి వేయిస్తారు. పులుసు కాదు. పుస్తెలమ్మినా పులస తినాలనే మనకి ఆ వేపుడు మొదట చప్పగానే ఉంటుంది, కానీ వాసన పడితే తెలిసిపోతుంది. ఆనకట్టలు కట్టాక అక్కడా ఈ చేప తగ్గిందని బాధపడతారు. మన దగ్గర పులస కోసం పడే బాధే. ధర అడిగాకే చెప్పండి.

హోటల్లో కూచోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు, వెన్న తెచ్చి బల్ల మీద పెడతారు. అవి ఉచితం కాదు. వద్దంటే తీసేస్తారు, ముట్టకపోతే బిల్లులో వెయ్యరు. మధ్యాహ్నం పూట ‘ప్రాతు దు దియ’ అని బోర్డు మీద రాసి ఉన్నచోట తినండి. ఆ రోజు వండిన భోజనం అది, ఎనిమిది నుంచి పన్నెండు యూరోల్లో కడుపు నిండుతుంది. ‘మెయ దోజ్’ అంటే సగం వడ్డన. మన ఆడవాళ్ళకి ఆ సగమే చాలు. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనకండి.

ఇప్పుడు మీ కోసం. మూడో రోజు మొత్తం విల దు కోంద్ అనే ఊరికి ఇవ్వండి. త్రిందాద్ నుంచి ఎర్ర లైను మెట్రోలో దాదాపు గంట. మామూలుగా పోర్తోకి మూడు రోజులు వచ్చినవాళ్ళకి నేను దగ్గర్లోని బ్రాగ అనే ఊరు చెప్తాను. అక్కడ బోం జెజూష్ కొండకి 1882 నుంచి నీళ్ళ బరువుతో నడిచే బండి ఉంది. పైబండి తొట్టిలో నీళ్ళు నింపితే అది దిగుతూ కిందబండిని పైకి లాగుతుంది, కరెంటు అక్కర్లేదు. చాలా చూడదగ్గది. కానీ మీకు మాత్రం విల దు కోందే చెప్తాను, ఎందుకంటే అది లేసు ఊరు.

అక్కడ లేసుకి ఒక మ్యూజియం ఉంది. పెద్దావిడలు అందులో కూచుని పని చేస్తుంటారు. మనది ఒకే సూదితో అల్లే క్రోషా. వాళ్ళది వేరు. గుండ్రటి దిండు మీద డిజైను కాగితం పరిచి, గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న చెక్క కండెల్ని డజన్ల కొద్దీ అటూ ఇటూ దాటిస్తూ పోతారు. వేళ్ళు కనపడవు, కండెలు ఒకదానికొకటి తగిలే టకటక చప్పుడే వినబడుతుంది. 2024లో వెళ్ళినప్పుడు నా భుజం మీద నరసాపురం లేసు అంచు వేసిన కండువా ఉంది. పని చేస్తున్న ఒకావిడ చెయ్యి ఆపి, ఆ అంచు పట్టుకుని, తిరగేసి వెనకవైపు చూసింది. లేసు తెలిసినవాళ్ళు వెనకవైపే కదా చూస్తారు. మాకు ఒకరి మాట ఒకరికి తెలియదు. తన చేతి పని చూపించింది, నా అంచు మీద వేలు పెట్టి ఎన్ని రోజులు అన్నట్టు అడిగింది. నాకు చెప్పడం రాలేదు, నేను అల్లినది కాదది. మీరు అల్లిన ముక్కలు రెండు తీసుకెళ్ళండమ్మా. మీకైతే చెప్పడానికి సమాధానం ఉంటుంది. మన దగ్గర లేసు ఆడవాళ్ళ పేరు బయటికి రాదు, ముక్కకి ఇంత అని కట్టి పట్టుకెళ్తారు. అక్కడ అదే పనిని మ్యూజియంలో కూచోబెట్టి ఊరి గౌరవంగా చూసుకుంటున్నారు. ముప్పై ఏళ్ళు ఈ పని చేసిన మీరు దాన్ని కళ్ళారా చూడాలి. సోమవారం మూసి ఉంటుంది, రోజులు దాన్ని బట్టి పెట్టుకోండి. స్టేషన్ నుంచి వచ్చేదారిలో పాత నీటి కాలవ కమానులు కూడా కనిపిస్తాయి, మొత్తం 999 కట్టారంటారు.

సామాను విషయం మరవకండి. చవక విమానాల్లో సీటు కింద పట్టే సంచి ఒక్కటే ఉచితం. చేతి సంచిలో పచ్చళ్ళు పెట్టకండి. మా అమ్మాయి కోసం పట్టుకెళ్ళిన ఆవకాయ సీసా సెక్యూరిటీలో తీసి పక్కన పెట్టేశారు, నా కళ్ళముందే. ఇండియా నుంచి వెళ్ళేటప్పుడు నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు పెద్ద పెట్టెలో కూడా వద్దు, బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. మార్చిలో అక్కడ వానలుంటాయి, గొడుగు కంటే టోపీ ఉన్న కోటు మేలు. గడియారం జర్మనీ కంటే గంట వెనక, తిరుగు విమానం రోజున గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: మాది అమలాపురం. పోలండ్‌లో చదువుతున్నాను. జూన్‌లో సెలవులకి ఒక్కణ్ణే పోర్తో వెళ్దామనుకుంటున్నాను. సావ్ జువావ్ పండగకి వెళ్తే మంచిదా, తర్వాత వెళ్తే మంచిదా? బడ్జెట్ చాలా తక్కువ.
— ఒక విద్యార్థి

జవాబు: నాన్నా, పండగ జూన్ 23 రాత్రి. ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ప్లాస్టిక్ సుత్తితో నెత్తిమీద మెల్లగా కొట్టి నవ్వి వెళ్ళిపోతారు. వీధి వీధినా చేపలు కాలుస్తారు, చిన్న కుండీల్లో మన తులసి జాతి మొక్కలు అమ్ముతారు, అర్ధరాత్రి నది మీద బాణసంచా. కుర్రకారు తెల్లారేదాకా ఫోజ్ వైపు నడిచి సముద్రపు ఒడ్డున తెల్లవారడం చూస్తారు. నీ వయసులో ఉంటే నేను పండగకే వెళ్ళేదాన్ని. అయితే డార్మెటరీ మంచం కూడా ఆ రెండు రోజులు బాగా ఖరీదవుతుంది. మూడు నెలల ముందే బుక్ చేసుకో, లేదంటే బ్రాగలో ఉండి లోకల్ రైల్లో వచ్చిపో, గంట ప్రయాణం. 24న ఊరికి సెలవు, చాలా కొట్లు మూసి ఉంటాయి, తిండికి ముందురోజే ఏదైనా కొని పెట్టుకో. వంటగది ఉన్న హాస్టల్ చూసుకుంటే బియ్యం కొనుక్కుని వండుకోవచ్చు. ఫోను లోపలి జేబులో పెట్టుకో, ఆ జనంలో జేబులు కొట్టేవాళ్ళుంటారు.

ప్రశ్న: మేం శాకాహారులం. భాష రాదు. పోర్తోలో ఆకలితో మాడతామా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మాడరు. భాష గురించి బెంగపడకండి, సగం మాటలు మన ఇళ్ళలో ఉన్నవే. మన బొత్తాం, తువ్వాలు, అలమర, మేస్త్రి, అనాస అన్నీ వాళ్ళ ఓడల మీద వచ్చిన మాటలే. టీని అక్కడ ‘షా’ అంటారు. ఆడవాళ్ళు థాంక్స్ చెప్పాలంటే ‘ఒబ్రిగాద’, మగవాళ్ళయితే ‘ఒబ్రిగాదు’. మీకు కావలసిన మాట ‘సెం కార్న, సెం పెయ్ష్’, అంటే మాంసం వద్దు, చేప వద్దు. ఒకటి అని రెండోది వదిలేస్తే చేప వస్తుంది. కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూప్ మీద మాంసం ముక్క ఒకటి వేసి ఇస్తారు, ముందే చెప్పాలి.

అన్నానికి లోటు లేదు. టమాటా అన్నం, చిక్కుడు గింజల అన్నం చాలాచోట్ల ఉంటాయి, ఉడికించే నీళ్ళు ఏమిటో అడగండి. కారం మాత్రం మీరే తీసుకెళ్ళాలి. మనకి మిరపకాయ తెచ్చిచ్చినవాళ్ళు తాము తక్కువే తింటారు. కందిపొడి చిన్న డబ్బా చాలు. బొల్యావ్ మార్కెట్ 2022లో బాగుచేసి మళ్ళీ తెరిచారు, పళ్ళూ రొట్టే అక్కడ కొనుక్కోండి. పేరున్న పాష్టెల్ ద నాత, అదే కస్టర్డ్ నింపిన చిన్న బిళ్ళలు, గుడ్డు లేకుండా ఉండవు. తీపి కావాలంటే అరోజ్ దోస్ అడగండి, మన పాయసమే, నిమ్మతొక్క వాసనతో. కొన్నిచోట్ల గుడ్డు సొన కలుపుతారు, ‘సెం ఓవు’ అని అడిగి తీసుకోండి. పైన దాల్చినచెక్క పొడిని వేళ్ళతో చల్లి, ముగ్గు పెట్టినట్టు గీతలు వేసి ఇస్తారు.